కొండ మీద వదిలి వచ్చిన పాస్‌పోర్టులు

“ఇచ్చినోనివి నువ్వు. తీసుకోవాల్సింది గూడా నువ్వే.”

“నేనిచ్చేటప్పుడు నువ్వు పక్కనే నిలబడుకోనుండావు గదమే! రెండు కండ్లతో చూసినావు. వచ్చేటప్పుడు ఒక్క మాట గుర్తు చెయ్యకూడదా?”

“నాకేం తెలుసయ్యా? ఆఫీసోళ్ళకు ఇచ్చినట్టే ఇస్తివి. మల్లా అడిగి తీసుకోవాలని నాకు తోచలేదు.”

“నాకూ తోచలేదు.”

“నీకెప్పుడు తోచింది, నోరు తెరిచి ఒకర్ని అడగాలని? యుద్ధం నాడూ అంతే. ఇయ్యాలా అంతే.”

“ఆ మాట ఇప్పుడెందుకు?”

“ఎందుకా? అప్పుడు అడిగింటే పెద్దపాప కాన్పుకు పక్కన నేనుండేదాన్ని. అందుకు.”

మా ఆయన ముఖం పట్టాల వైపు తిప్పుకున్నాడు. బెంచీకి అటు చివర కుక్కపిల్లతో కూర్చున్న తెల్లజుట్టు ఆమె లేచి, ఇంకో బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది. మా భాష ఆమెకు రాదు. గొడవను తెలుసుకోవడానికి భాష అవసరం లేదు.

అది స్విట్జర్లాండ్‌లో ఒక జంక్షన్ స్టేషను. మధ్యాహ్నం రెండయింది. మా విమానం మరునాటి సాయంత్రం. మా ఇద్దరి పాస్‌పోర్టులేమో కొండ మీద ఒక పల్లెలో, ఒక ఇంటామె డ్రాయరులో ఉన్నాయి. సౌదీకి తిరిగి వెళ్ళడానికి వేసిన రీఎంట్రీ ముద్ర ఆ పాస్‌పోర్టుల్లోనే ఉంది. దాని గడువు ఎల్లుండితో సరి. గడువు దాటితే మమ్మల్ని సౌదీ గడప తొక్కనివ్వరు. ఆయన పదమూడేళ్ళ ఉద్యోగం అక్కడితో పోతుంది.

ఇంత ముఖ్యమైన వస్తువును ఎవరైనా మరిచిపోతారా అని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. మేం మరిచిపోయాం. ఎట్లాగో చెప్తాను.

మాది కర్నూలు వైపు. దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆయన పనిచేసేది రియాద్‌కు దక్షిణంగా ఉన్న అల్ ఖర్జ్‌లో, పెద్ద పాల ఫారంలో. వేల ఆవులు. వాటికి పాలు పిండే యంత్రాలను ఆయన బాగుచేసేవాడు. పని నేర్చి ఫోర్‌మన్ అయ్యాక నాకు వీసా తీశాడు. పిల్లల పెంపకం అయిపోయాక నేనూ అక్కడికే వెళ్ళాను.

అక్కడ దిగిన రోజే ఆఫీసువాళ్ళు పాస్‌పోర్టు తీసుకుంటారు. మన చేతికి ఇకామా అనే చిన్న పుస్తకం ఇస్తారు. బజారుకు వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా అదే ఉండాలి. దాన్ని మాత్రం ఆయన చొక్కా ఎడమ జేబులో పెట్టుకుని, స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా ఆ చొక్కాను తలుపుకు కనిపించేటట్టు తగిలించేవాడు. పాస్‌పోర్టు సంగతి ఎవరికి పట్టింది? అది ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఊరికి వెళ్ళాలంటే దరఖాస్తు రాయాలి, కారణం చూపించాలి, ముదీర్ సంతకం చెయ్యాలి. ముదీర్ అంటే మేనేజరు. ఆయన సరేనంటే ఇకామా వాళ్ళకిచ్చేసి పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. పదమూడేళ్ళలో ఆ పుస్తకం మా చేతుల్లో ఉన్నది అన్నీ కలిపితే ఏడాది కూడా కాదు.

పక్క దేశంతో యుద్ధం వచ్చినప్పుడు మా క్వార్టర్సులో సగం మంది ఊరికి పోతామన్నారు. విషవాయువు బాంబులు వేస్తారని కిటికీలకు టేపులు అంటించుకున్నాం. తడిగుడ్డలు తలుపు కింద కుక్కుకున్నాం. ముఖానికి తగిలించుకునే రబ్బరు తొడుగులు ఇచ్చారు. అవి వేసుకుంటే మనిషి ముఖం దున్నపోతు ముఖంలా కనిపించేది. ఊరి పక్కన ఎడారిలో విమానాల స్థావరం ఉండడంతో పగలూ రాత్రీ నెత్తిమీద మోతే. సైరను కూసినా ఆయన మాత్రం మూడు పూటలా పనికి వెళ్ళేవాడు. “యుద్ధమని ఆవు పొదుగు ఊరుకుంటుందామే? పిండకపోతే వాచి చస్తాది,” అనేవాడు. అదీ నిజమే. ఆ రోజుల్లోనే మా పెద్దపాపకు తొలి కాన్పు. నేను ఊరికి పోవాలని పట్టుబట్టాను. “ఆఫీసులో అడిగి రా,” అన్నాను. ఆయన వెళ్ళి వచ్చి, “అక్కడ జనం చానామంది ఉండారు, రేపు చూద్దాం,” అన్నాడు. ఆ రేపు రానేలేదు. మనవడు పుట్టాడని నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. ఆయన అడగలేదనే నేను అనుకున్నాను. ఆ మాట మనసులో పెట్టుకుని, గొడవ వచ్చినప్పుడల్లా బయటికి తీసేదాన్ని. నాకు మాటలు దాచుకునే అలవాటు ఉంది.

యుద్ధం అయిపోయిన రెండో ఎండాకాలం, ఫారానికి కొత్త యంత్రాలు తెప్పిస్తూ, వాటి పని నేర్చుకురమ్మని ఆయనను ఆ యంత్రాలు తయారయ్యే దేశానికి పంపారు. నేర్చుకునేది అయిదు రోజులు. ఆ తర్వాత ఎనిమిది రోజులు సెలవు. ఆ ఏడు ఊరికి వెళ్ళే నా టికెట్టును అటు మార్పించి నన్ను కూడా తీసుకెళ్ళాడు. నాకు ఇష్టం లేదు. కొండలు చూడాలంటే మాకు నల్లమల లేదా? “నల్లమలలో రైలు కొండెక్కదు,” అన్నాడు. ఆయనకు కావలసింది కొండ కాదు, రైలు.

ఎనిమిది రోజుల రైలు పాసు కొన్నాడు. అది ఉంటే ఏ బండైనా ఎక్కవచ్చు, పడవ కూడా ఎక్కవచ్చు. కొన్నాక ఊరుకుంటే దండగ కదా అని పొద్దున ఆరింటికే ఆయనను లేపి బయలుదేరదీసేదాన్ని. నేను సౌదీలో వేసుకునే నల్ల అబాయానే చలికోటుగా వేసుకున్నాను. కొత్త కోటు కొననివ్వలేదు. సంచిలో ఖర్జూరాలు, ఎండబెట్టిన ఖుబూస్ రొట్టెలు, శెనక్కాయల పొడి. అక్కడి రైల్లో ఒక కప్పు టీ ధర విన్న తర్వాత ఆ సంచి మీద నాకు గౌరవం పెరిగింది. మరుగుదొడ్లలో నీళ్ళు ఉండవని ముందే విని ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకెళ్ళాను. ఆ ఒక్క విషయంలో ఆ దేశం నాకు నచ్చలేదు.

మిగతాదంతా నచ్చిందని ఒప్పుకోవాలి. గడియారంలో ముల్లు ఎట్లా కదులుతుందో బండి అట్లా కదిలేది. అద్దాలు మనిషి ఎత్తు. ఒక కొండదారిలో తెల్లటి చర్చి ఒకటి కనిపించింది. కాసేపటికి అట్లాంటిదే ఇంకొకటి, ఇంకా కాసేపటికి మూడోది. “వీళ్ళ దగ్గర అచ్చు ఒకటే ఉన్నట్టుంది, అన్నీ ఒకే మాదిరి కట్టినారు,” అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చర్చి ఒకటేనట. రైలే కొండ కడుపులో చుట్టలు చుట్టుకుంటూ పైకి వస్తోందట. నమాజు వేళకు ఆ చుట్టలతోనే చిక్కొచ్చింది. నమాజుకు తిరగాల్సిన దిక్కు, కిబ్లా, ఎటో లెక్క చూసి చెప్పమన్నాను. చూపించాడు. నేను చేతులు కట్టుకునే లోపల సూర్యుడు ఎడమ కిటికీ నుంచి కుడి కిటికీలోకి వచ్చాడు. “నువ్వు కూసోనే సదువుకో. దేవునికి రైళ్ళ సంగతి తెలుసులే,” అన్నాడు.

మూడు రాత్రులు ఉన్నది ఒక కొండ పల్లెలో. అక్కడికి వెళ్ళే చిన్న బండికి పట్టాల మధ్య ఇంకో పట్టా ఉంటుంది, రంపం పళ్ళలాగా. బండి అడుగున పళ్ళచక్రం ఆ పళ్ళలో ఇరుక్కుంటూ ఎక్కుతుంది. ఆయన ప్లాట్‌ఫారం మీద బోర్లా పడుకున్నంత పని చేసి దాన్ని చూశాడు. మేం దిగిన ఇల్లు కట్టెతో కట్టింది. ఇంటామె నా వయసుదే. చేతులు చూస్తే పనిమనిషని తెలుస్తుంది, అంటే పని చేసే మనిషని. ఫారం నింపడానికి పాస్‌పోర్టులు అడిగింది. ఆయన రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె నంబర్లు రాసుకోవడానికి కళ్ళద్దాలు వెతుక్కుని, దొరక్క, వంటింటి బల్ల డ్రాయరులో వాటిని పెట్టి, తర్వాత రాసుకుంటానని సైగ చేసింది. మేం తల ఊపాం.

ఇచ్చాం. అంతే. పెద్దవాళ్ళ దగ్గర ఉంది, భద్రంగా ఉంటుంది అనుకున్నాం కూడా కాదు. అసలేమీ అనుకోలేదు. విమానం టికెట్లు, రైలు పాసులు మాత్రం నా నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉండేవి. రోజుకు పదిసార్లు తడుముకునేదాన్ని. అవి మావి. పాస్‌పోర్టు మాది అని నా ఒంటికి తెలియదు.

వచ్చేసే రోజు ఆ ఇంటామె గడ్డి కోతకు వెళ్ళింది. గది అద్దె ముందే ఇచ్చాం కనుక తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాం. తిరిగి ఫ్యాక్టరీ ఊరిలో, వాళ్ళిచ్చిన గదిలో రెండు రాత్రులు ఉన్నాం. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మాకూ ఏమీ తక్కువైనట్టు అనిపించలేదు. పాసులో ఇంకా రెండు రోజులు మిగిలి ఉన్నాయని, వాటిని వదులుకోవడం ఇష్టం లేక, ఆ పొద్దున నేనే మళ్ళీ రైలెక్కించాను. ఆ బండిలో టికెట్లు చూసే అతను మా పాసులు తిప్పి చూసి, వాటి మీద ఉన్న నంబరును సరిచూడాలి, పాస్‌పోర్టులు చూపించండి అన్నాడు. ఆయన చెయ్యి నేరుగా చొక్కా ఎడమ జేబులోకి వెళ్ళింది. ఇకామా కోసం. అది అల్ ఖర్జ్ ఆఫీసులో ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మంచివాడు, జరిమానా వెయ్యలేదు. తరువాతి స్టేషనులో దిగి ఫోను చేసుకొమ్మన్నాడు. దిగాం. బెంచీ మీద కూర్చుని, పైన రాసినట్టు ఒకరినొకరం తిట్టుకున్నాం.

తిట్లు అయిపోయాక కౌంటరు దగ్గరికి వెళ్ళాం. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. పల్లె పేరు, ఇంటి పేరు చెప్పగానే కౌంటరులో అమ్మాయి నంబరు వెతికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ తియ్యలేదు. మూడుసార్లు చేసింది. ఆ తర్వాత ఒక కాగితం మీద బళ్ళు మారాల్సిన ఊళ్ళు, టైములు, ప్లాట్‌ఫారాల నంబర్లు, వెనక్కి వచ్చే బళ్ళ టైములతో సహా వరసగా రాసిచ్చింది. అంకెలు చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కాగితం నేనే పట్టుకున్నాను. మూడు బళ్ళు మారాలి. ఒక చోట మారడానికి ఉన్నది నాలుగు నిమిషాలు. ఆయన మోకాలి నొప్పి మనిషి. నేను ముందు పరిగెత్తి తలుపులో ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడ్డాను.

చివరి చిన్న బండి ఎక్కాక ఇద్దరికీ ఊపిరి ఆడింది. అవే లోయలు, అవే సరస్సులు. మొదటిసారి చూసినంత బాగానే ఉన్నాయి. భయం నాకేగాని కొండకెందుకు? ఆవులు మెడల్లో గంటలతో గట్ల మీద నిలబడి మేస్తున్నాయి. మా ఫారంలో ఆవులకు గంటలుండవు, చెవులకు నంబర్లుంటాయి. ఆయన వాటినే చూస్తూ, “కూసో. దొరుకుతాయిలే,” అన్నాడు. నేను కాగితం మడిచి పట్టుకుని కూర్చున్నాను.

ఆరున్నరకు పల్లెలో దిగాం. అక్కడ ఎండాకాలంలో ఆ వేళకు ఇంకా పట్టపగలే. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటి ముసలాయన కట్టెలు పేరుస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. ఇంటామె ఏదని సైగ చేస్తే పైన కొండ చూపించాడు. రెండు చేతులతో పాలు పిండినట్టు చూపించి, చెంప కింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూశాడు. తర్వాత అదే చెయ్యి సూర్యుడిలా పైకి లేపాడు. పై మేతబీళ్ళలో ఆవుల దగ్గర పడుకుని, పొద్దున వస్తుందన్నమాట. అంతటితో ఆగకుండా వచ్చి ఆ ఇంటి తలుపు తోశాడు. తాళం లేదు. లోపలికి పొండి, మీ గది మీకు తెలుసు కదా అన్నట్టు తల ఊపి, తన కట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వంటిల్లు. బల్ల. బల్లకు డ్రాయరు.

“తియ్యి,” అన్నాను.

“ఏందీ తీసేది?”

“డ్రాయరయ్యా! నా కండ్లారా చూసినా, అందులోనే పెట్టింది. తీసుకోని ఇప్పుడే దిగిపోతే రాత్రికి గదికి చేరుకుంటాం.”

“ఆమె లేందే?”

“మనవే గదా!”

“మనవే. అయినా ఆమె ఇయ్యాల. ఆమె చేతికిస్తిమి, ఆమె చేతి నుంచి తీసుకోవాల. లేనప్పుడు పెట్టె తెరిస్తే దాన్ని ఏమంటారు?”

“రేపు బండి తప్పితే దాన్నేమంటారో అది చెప్పు ముందు.”

“తప్పదు. పొద్దున బండికి పోయినా విమానానికి అందుతాం. చీటీలో నువ్వే చూడు.”

చూశాను. అందుతాం. ఆమె పొద్దున వస్తేనే. అడగనిదే పరాయి పెట్టె ముట్టుకోకూడదన్నది నేను పిల్లలకు నేర్పిన మాటే. ఆ మాట నా నోటికే అడ్డం వచ్చింది. వరండాలో మెట్ల మీద కూర్చుని, మిగిలిన రొట్టె ముక్కల్లో శెనక్కాయల పొడి అద్దుకుని తిన్నాం. తిన్నాక ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చించాడు.

“ఏం రాస్తాండావు?”

“దరఖాస్తు.”

“ఎవురికి? ఈ ఇంటామెకా? ఆమేమన్నా ముదీరా?”

“రాసిస్తే ఒక మర్యాద. కారణం తెలుస్తాది.”

నవ్వుదామనుకున్నాను. ఆయన చెయ్యి చూసి నవ్వు ఆగిపోయింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయాలంటే పెన్ను కొరుక్కునే మనిషి. ఫారంలో సెలవు కాగితాలు కూడా గుమాస్తా దగ్గర రాయించుకునేవాడు. అట్లాంటిది ఆగకుండా, కొట్టివేత లేకుండా, పైనుంచి కిందికి రాసుకుపోతున్నాడు.

“ఇంత గడగడా యెట్ల వచ్చిందయ్యా నీకు?”

“వచ్చింది.”

“యెట్లని అడుగుతాండా.”

ఆయన కింద సంతకం పెట్టి కాగితాన్ని మోకాలి మీద పరిచాడు. కొండవైపు చూస్తూ చెప్పాడు. “యుద్ధంలో మూడుసార్లు రాసినా గదా. గుమాస్తా వెళ్ళిపోయుండె. మలయాళీ డ్రైవరు ఒకసారి రాసిచ్చినాడు, దాన్ని చూసి తక్కిన రెండూ నేనే రాసినా. కూతురి కాన్పు, నా భార్యను పంపాల, దయచేసి పాస్‌పోర్టు ఇయ్యండి అని. అట్లనే నోటికి వచ్చేసింది.”

“ఇచ్చినావా?”

“ఇచ్చినా. మూడుసార్లూ ఇచ్చినా. మొదటిసారి చూస్తామన్యారు. రెండోసారి నీ పెండ్లాము పోతే నువ్వూ పోతావు, ఆవులను ఎవురు చూస్తారన్యారు. మూడోసారి ముదీర్ కాగితం నా ముందరే మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.”

“నాకు జనం ఉండారని చెప్పినావే?”

“మరేం చెప్పాల? అడిగితే ఇయ్యలేదంటే నువ్వు వాళ్ళను తిడతావు. వాళ్ళను తిట్టి మనం చేసేదేముంది? అడగలేదంటే నన్ను తిడతావు. నన్ను తిడితే సరిపోతాది.”

నేను లేచి లోపలికి వెళ్ళాను. కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. ఏడాదిన్నర పాటు ఈ మనిషిని నేను తిట్టిన తిట్లు ఒక్కోటీ గుర్తొచ్చాయి. క్షమించమని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. తుడుచుకోవడానికి గుడ్డ వెతుకుతూ బల్ల దగ్గరికి వచ్చాను. ఒక్కదాన్నే ఉన్నాను. డ్రాయరును జానెడు లాగాను. చెంచాల పక్కన మా రెండు నీలం అట్టలు, మేం ఇచ్చినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ముట్టుకోలేదు. మళ్ళీ మూసేశాను.

బయటికి వచ్చి, “కాగితం నలిగిపోతాంది, పుస్తకంలో పెట్టు,” అన్నాను.

డ్రాయరు తీసి చూశానని ఆయనకు చెప్పలేదు. అడిగేది ఆయన వంతు.

పొద్దున ఏడు కాకముందే ఇంటామె పాల క్యానుతో దిగి వచ్చింది. వంటింట్లో మమ్మల్ని చూసి నవ్వింది. ఆయన లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, దరఖాస్తును రెండు చేతులతో అందించాడు. ఆమె ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది. డ్రాయరు లాగి పాస్‌పోర్టులు తీసి ఆయన చేతిలో పెట్టింది. ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో ఏదో అన్నది.

“ఏమంటాంది?” అన్నాను.

“తలుపు తీసే ఉండె గదా, నిన్ననే తీసుకోని పోకుండా రాత్రంతా ఎందుకు కూర్చున్నారు అంటాంది.”

దరఖాస్తు ఆమె చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన ముఖం చూసింది. ఆయన సంతకం కింద ఖాళీ చూసి, పెన్ను తీసుకుని తన పేరు కూడా రాసి తిరిగి ఇచ్చింది. రొట్టె కోసింది. రెండు పెద్ద కప్పుల్లో పాలు పోసింది. పడుకున్నందుకు ఏమీ వద్దన్నది, పాలకు మాత్రం తీసుకుంది. ఆయన ఆ పాలను గుక్క గుక్కా రుచి చూసి, వెన్న శాతం బాగుందన్నాడు. ఎనిమిదింటి బండి వచ్చింది. ఎక్కాం.